పార్కిన్సన్స్ వైద్యం: ఏ మందుతో మొదలుపెట్టాలి, ఆపరేషన్ ఎవరికి పనికొస్తుంది?

ఇంట్లో ఒకరికి పార్కిన్సన్స్ అని తేలగానే నాలుగు వైపుల నుంచీ సలహాలు మొదలవుతాయి. సిండోపా (లెవోడోపా ఉన్న బిళ్ళ) ఇప్పుడే మొదలుపెట్టొద్దు, నాలుగేళ్ళకి పనిచేయడం మానేస్తుంది అంటారు ఒకరు. వణుకే కదా, పాసిటేన్ చాలు అంటారు ఇంకొకరు. హైదరాబాద్ వెళ్ళి మెదడులో తీగ పెట్టించుకుంటే రోగమే పోతుందని ఫోన్లో వీడియో వస్తుంది. దూలగొండి గింజల పొడి ఉండగా ఇంగ్లీషు మందులెందుకని చుట్టాలు అడుగుతారు. విశాఖలో కేజీహెచ్ ఓపీ బయట కూర్చున్నా, రామ్‌నగర్‌లో ప్రైవేటు ఆసుపత్రి వరండాలో కూర్చున్నా వినబడేవి ఈ మాటలే. మా నాన్నగారికి ఈ జబ్బు వచ్చినప్పటి నుంచి నేనూ ఇవన్నీ విన్నాను. ఒక్కో వైద్యంతో ఏం దొరుకుతుంది, దానికోసం ఏం భరించాలి అన్నది పక్కపక్కన పెట్టి చూసుకుంటే డాక్టరు దగ్గర అడగాల్సిన ప్రశ్నలు తెలుస్తాయి. మందు వేయడం, మార్చడం మాత్రం న్యూరాలజిస్టు చేతిలోనే ఉండాలి.

ముందు, జబ్బు అదేనా?

పార్కిన్సన్స్‌లో మధ్య మెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న భాగంలో, కదలికలు సాఫీగా సాగడానికి కావాల్సిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చనిపోతూ ఉంటాయి. ఆ కణాల్లో ఆల్ఫా సిన్యూక్లీన్ అనే ప్రోటీన్ ముద్దకట్టి కనిపిస్తుంది. ఎక్కువమందిలో ఇదే కారణమని ఒక్కటి చెప్పలేం. వయసు పెద్ద కారణం, కొందరిలో జన్యువులు, కొన్ని రకాల పురుగుమందులతో ఏళ్ళ తరబడి పనిచేయడం కూడా దీంతో ముడిపడి ఉన్నాయి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని వివరంగా రాశాడు, అందుకే ఆ పేరు.

మనం వణుకు చూసి కంగారుపడతాం. డాక్టరు ముందు చూసేది కదలికలు నెమ్మదించాయా అని. దానికి తోడు, చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు వచ్చే వణుకైనా ఉండాలి, కండరాల బిగుతైనా ఉండాలి. సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది. రాత చిన్నదైపోతుంది, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగదు, మొహంలో భావం తగ్గుతుంది. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో అరుస్తూ కాళ్ళూ చేతులూ విసరడం చాలామందిలో ఏళ్ళ ముందే మొదలై ఉంటాయి. భుజం నొప్పికి ఎముకల డాక్టరు చుట్టూ తిరిగి తిరిగి చివరికి న్యూరాలజీకి వచ్చేవాళ్ళూ ఉన్నారు.

గ్లాసు ఎత్తినప్పుడు, సంతకం పెట్టేటప్పుడు రెండు చేతులూ వణికితే అది ఎసెన్షియల్ ట్రెమర్ కావచ్చు. దాని మందులు పూర్తిగా వేరు.

ఇంకో విషయం మన దగ్గర చాలా ముఖ్యం. కొన్ని మందులే పార్కిన్సన్స్ లక్షణాలు తెప్పిస్తాయి. గ్యాస్‌కి వాడే కొన్ని క్యాప్సూళ్ళలో ఉండే లెవోసల్పిరైడ్, వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్ళు తిరగడానికి వాడే స్టెమెటిల్, సిన్నరిజైన్, మైగ్రేన్‌కి వాడే ఫ్లునరిజైన్ ఈ కోవలోవే. పెద్దవాళ్ళు మందుల షాపులో పాత చీటీ చూపించి నెలల తరబడి వీటిని మింగుతూ ఉంటారు. డాక్టరు చెప్పి ఆపించాక చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. అందుకని మొదటిసారి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. ఎంఆర్ఐ కంటే ఈ సంచి ఎక్కువ చెప్పిన సందర్భాలుంటాయి. మామూలు ఎంఆర్ఐలో పార్కిన్సన్స్ కనబడదు. చిన్న చిన్న పక్షవాతాలు, మెదడులో నీరు చేరడం లాంటి వేరే కారణాలు లేవని తేల్చుకోవడానికే అది తీయిస్తారు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఇవాళ ఉన్న ఏ మందూ చనిపోతున్న కణాలను ఆపుతుందని రుజువు కాలేదు. ప్రతి మందూ లక్షణాలను తగ్గించేదే. కాబట్టి రోగం ఆగేది దేనితో అని వెతికితే దారి తప్పుతాం. ఈ మనిషి రోజులో ఏ పని చేసుకోగలగాలి అన్న దగ్గర మొదలుపెడితే ఎంపిక తేలికవుతుంది. షిప్‌యార్డులో వెల్డింగ్ చేసే యాభై ఏళ్ళాయనకి చెయ్యి నిలకడ కావాలి. డెబ్బై అయిదేళ్ళ బామ్మగారికి రాత్రి బాత్రూంకి వెళ్ళేటప్పుడు పడిపోకుండా ఉండటం కావాలి. ఇద్దరికీ ఒకే చీటీ సరిపోదు.

ఆ తర్వాత చూడాల్సింది వయసు, జ్ఞాపకశక్తి. మతిమరుపు మొదలైనవాళ్ళకి కొన్ని మందులు లేనిపోని భ్రమలు తెప్పిస్తాయి. నిలబడగానే బీపీ పడిపోవడం, ప్రోస్టేట్, గ్లకోమా లాంటివి ఉంటే కొన్ని మందుల దారి మూసుకుపోతుంది. ఇంట్లో టైముకి బిళ్ళ అందించే మనిషి ఉన్నారా, పిల్లలందరూ బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్నారా అన్నది కూడా వైద్యంలో భాగమే. డబ్బు, దూరం చివరగా రాస్తున్నాను గానీ పాడేరు నుంచో అరకు నుంచో నెలనెలా బస్సులో వచ్చేవాళ్ళకి అవే మొదటివి.

| వైద్యం | ఎంత బలం | పెద్ద ఇబ్బంది | ఎవరికి ఎక్కువ నప్పుతుంది | ఖర్చు |
|---|---|---|---|---|
| లెవోడోపా, కార్బిడోపా | అన్నిటికంటే ఎక్కువ | కొన్నేళ్ళకి డోసు మధ్యలో ప్రభావం తగ్గడం, అదుపులేని కదలికలు | 65 దాటినవారు, పని ఆగిపోతున్న ఏ వయసు వారైనా | తక్కువ |
| ప్రమిపెక్సోల్, రోపినిరోల్ | మధ్యస్థం | నిద్రమత్తు, భ్రమలు, జూదం లాంటి వ్యసనాలు | వయసు తక్కువ, జ్ఞాపకశక్తి బాగున్నవారు | మధ్యస్థం |
| రసాజిలిన్ | కొద్దిగా | కొన్ని నొప్పి, దగ్గు మందులతో పడదు | లక్షణాలు స్వల్పంగా ఉన్నవారు | మధ్యస్థం |
| పాసిటేన్ | వణుకు మీదే | మతిమరుపు, మూత్రం ఆగిపోవడం | వణుకు ఒక్కటే ఉన్న చిన్న వయసువారు | చాలా తక్కువ |
| డీబీఎస్ ఆపరేషన్ (మెదడులో తీగ పెట్టడం) | లెవోడోపాకి దగ్గరగా, రోజంతా నిలకడగా | మెదడు ఆపరేషన్ ప్రమాదాలు, తరచూ ప్రయాణాలు | లెవోడోపాకి బాగా స్పందిస్తూ ఒడిదుడుకులతో బాధపడేవారు | లక్షల్లో |

లెవోడోపా: అనవసరంగా భయపడుతున్న మందు

సిండోపా అని మనం పిలిచేది రెండు మందుల కలయిక. లెవోడోపా మెదడులోకి వెళ్ళి డోపమైన్‌గా మారుతుంది. కార్బిడోపా ఆ మార్పు దారిలోనే, అంటే రక్తంలోనే జరిగిపోకుండా ఆపుతుంది. అందువల్ల వికారం తగ్గుతుంది. ఇక్కడ పెట్టె మీద అంకె చూడటం నేర్చుకోవాలి. సిండోపా 110లో కార్బిడోపా 10 మిల్లీగ్రాములే ఉంటుంది, సిండోపా ప్లస్‌లో 25 ఉంటుంది. రెండింటిలోనూ లెవోడోపా 100. కార్బిడోపా రోజుకి సుమారు 70 నుంచి 100 మిల్లీగ్రాములు అందితేనే దాని పని అది సరిగ్గా చేయగలదు. కొత్తగా మొదలుపెట్టి మూడు పూటలా 110 వేసుకుంటూ వాంతులొస్తున్నాయని మానేసినవాళ్ళు, ప్లస్‌కి మార్చడం కుదురుతుందా అని డాక్టరును అడగాలి. వాంతులకి మెటోక్లోప్రమైడ్ మాత్రం వద్దు, అది జబ్బును పెంచుతుంది.

"ముందే వాడేస్తే తర్వాత పనిచేయదు" అన్న మాట సంగతి. నెదర్లాండ్స్‌లో 445 మందిని రెండు గుంపులుగా చేసి, కొందరికి వెంటనే, మిగతావారికి 40 వారాలు ఆగి లెవోడోపా మొదలుపెట్టి చూశారు. 80 వారాల తర్వాత జబ్బు తీవ్రతలో రెండు గుంపులకీ తేడా లేదు. ఈ ఫలితం 2019లో వచ్చింది. అంతకుముందు 2014లో ఘానా రోగులనూ ఇటలీ రోగులనూ పోల్చిన పరిశోధన ఒకటి ఉంది. ఘానాలో మందు ఆలస్యంగా మొదలైంది. అయినా ప్రభావం తగ్గిపోవడం, అదుపులేని కదలికలు రెండు చోట్లా జబ్బు మొదలైనప్పటి నుంచి దాదాపు అదే కాలానికి కనబడ్డాయి. జబ్బు ముదరడం, డోసు పెద్దది కావడం వల్ల వచ్చే ఇబ్బందులవి. మందును దాచిపెట్టి వాటిని తప్పించుకోలేం. దాచిన ఆ ఏళ్ళలో మనిషి నడక, ఉద్యోగం, నలుగురిలో కలిసే ధైర్యం పోతాయి. నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయమే ఉంది: చొక్కా గుండీ పెట్టుకోలేక అవస్థపడుతున్న మనిషిని భవిష్యత్తు పేరు చెప్పి ఆపడం అన్యాయం.

అయితే ఈ మందు ఇంటి పద్ధతిని మార్చమంటుంది. రక్తంలో దాని ఆయుష్షు తక్కువ, గంటన్నరలో సగం అయిపోతుంది. అందుకే టైము తప్పకూడదు. తిండిలోని ప్రోటీన్‌కీ దీనికీ పేగులో, మెదడు అంచున ఒకే ద్వారం, ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఉదయం బిళ్ళ వేసుకుని వెంటనే రెండు పెసరట్లు తిన్నా, మధ్యాహ్నం వంజరం పులుసుతో కలిపి వేసుకున్నా ఆ పూట డోసు ఎక్కనట్టే ఉంటుంది. తిండికి అరగంట నుంచి గంట ముందు నీళ్ళతో వేసుకోవాలి. తిండి వల్ల తేడా బాగా కనబడేవాళ్ళకి పప్పు, చేప, గుడ్డు ఎక్కువ భాగం రాత్రి భోజనానికి మార్చమంటారు. ప్రోటీన్ మానేయమని ఎవరూ అనరు, మానేస్తే కండ కరిగిపోతుంది. ఐరన్ బిళ్ళకీ దీనికీ మధ్య కూడా రెండు గంటల ఎడం ఉండాలి.

కొన్నేళ్ళకి ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య మనిషి బిగుసుకుపోతాడు, దాన్నే 'ఆఫ్' అంటారు. అప్పుడు డోసులు దగ్గర చేయడం, లెవోడోపా ఎక్కువసేపు నిలిచేలా చేసే ఎంటాకాపోన్ చేర్చడం, కదలికలు ఎక్కువైతే అమాంటడిన్ ఇవ్వడం లాంటి దారులున్నాయి. మందు పనైపోయిందని మాత్రం అనుకోకండి.

ప్రమిపెక్సోల్, రోపినిరోల్

ఇవి డోపమైన్‌లా నటిస్తాయి. ఎక్కువసేపు నిలుస్తాయి, అదుపులేని కదలికలు తక్కువ. నలభై, యాభై ఏళ్ళవారికి వీటితో మొదలుపెట్టడం మామూలే. బ్రిటన్‌లో 1,620 మందిని ఏళ్ళ తరబడి గమనించిన 2014 నాటి పరిశోధనలో, కొత్తగా జబ్బు తేలినవారికి లెవోడోపాతో మొదలుపెట్టినప్పుడే నడక, కదలిక కొద్దిగా మెరుగ్గా ఉన్నాయి. తేడా చిన్నదే, ఎన్నో ఏళ్ళు నిలిచింది.

వీటి గురించి ఇంట్లోవాళ్ళకి ముందే తెలియాల్సింది వ్యసనాల సంగతి. అమెరికా, కెనడాల్లో మూడు వేల మందికి పైగా రోగులను చూసిన 2010 నాటి పరిశోధనలో, ఈ రకం మందులు వాడేవారిలో సుమారు 17 శాతం మందికి జూదం, అతిగా కొనడం, అతిగా తినడం, హద్దుమీరిన లైంగిక కోరికల్లో ఏదో ఒకటి కనబడింది. వాడనివారిలో అది 7 శాతం. మన ఇళ్ళలో ఇది ఫోన్లో రమ్మీ రూపంలో, ఆగకుండా వచ్చే కొరియర్ పెట్టెల రూపంలో కనబడుతుంది. ఇంతకాలం పద్ధతిగా బతికిన మనిషి ఇలా అయిపోయాడేమిటని ఇంట్లో గొడవలవుతాయి. తప్పు మనిషిది కాదు, బిళ్ళది. సిగ్గుపడకుండా డాక్టరుకి చెబితే డోసు నెమ్మదిగా తగ్గిస్తారు, చాలామంది మామూలవుతారు. అప్పుల చరిత్ర, తాగుడు ఉన్నవారికి ఈ మందు ఎంచుకునే ముందే ఆ సంగతి చెప్పాలి. ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చే గుణం కూడా ఉంది కాబట్టి ఆటో, స్కూలు బస్సు నడిపేవారికి ఇది మంచి ఎంపిక కాదు. కాళ్ళ వాపులు మామూలే.

రసాజిలిన్, పాసిటేన్

రసాజిలిన్ రోజుకి ఒక్క బిళ్ళ. ప్రభావం స్వల్పం, ఇబ్బందులూ స్వల్పమే. తొలిదశలో, పనికి అడ్డు లేనప్పుడు బాగుంటుంది. పంటి నొప్పికి ట్రమడాల్ ఇచ్చినా, దగ్గుకి డెక్స్‌ట్రోమెథార్ఫన్ ఉన్న సిరప్ కొన్నా ఈ మందు వాడుతున్నట్టు ముందే చెప్పాలి.

పాసిటేన్ చవక, వణుకు తగ్గిస్తుంది. నెమ్మదితనానికి దీనితో పెద్దగా ఉపయోగం లేదు. పెద్ద వయసులో మతిమరుపు పెంచుతుంది, మలబద్ధకం పెంచుతుంది, ప్రోస్టేట్ ఉన్నవారికి మూత్రం ఆగిపోతుంది. డెబ్బై దాటిన మీ నాన్నగారి చీటీలో ఇది ఏళ్ళుగా కొనసాగుతూ ఉంటే, ఇంకా అవసరమా అని ఈసారి తప్పకుండా అడగండి. హఠాత్తుగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి.

డీబీఎస్: మెదడులో తీగ

డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అంటే మెదడు లోతుల్లో సన్నటి తీగలు పెట్టి, ఛాతీ చర్మం కింద అమర్చిన బ్యాటరీతో విద్యుత్తు పంపడం. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఈ పద్ధతికి ఇప్పటి రూపం మొదలైంది. ఇది రోగాన్ని నయం చేయదు. లెవోడోపాతో వచ్చే మంచి గంటలను రోజంతా పరచడం దీని పని.

ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఎవరికి పనికొస్తుందో దాదాపు తేలిపోతుంది. మందు ఎక్కినప్పుడు బాగా నడుస్తూ, దిగినప్పుడు బిగుసుకుపోయేవారికి ఇది బాగా పనిచేస్తుంది. మందు ఎక్కినా తగ్గని తూలు, మాట ముద్దగా రావడం, మింగడంలో ఇబ్బంది దీనితోనూ తగ్గవు, మాట ఒక్కోసారి ఇంకాస్త చెడుతుంది కూడా. మందుకి లొంగని వణుకు మాత్రం మినహాయింపు, దానికి డీబీఎస్ బాగా పనిచేస్తుంది. మతిమరుపు బలంగా ఉన్నవారికి, అదుపులో లేని డిప్రెషన్ ఉన్నవారికి చేయరు. జబ్బు మొదలై కనీసం నాలుగైదేళ్ళు గడిస్తే గానీ తొందరపడరు, ఎందుకంటే పార్కిన్సన్స్‌లా మొదలై వేరే జబ్బుగా తేలేవి కొన్ని ఉన్నాయి, వాటికి ఇది పనిచేయదు. ఆపరేషన్‌కి ముందు మందు ఆపి ఒకసారి, వేసి ఒకసారి కదలికలు కొలుస్తారు. ఆ పరీక్ష చేయకుండానే తేదీ ఇచ్చే చోట జాగ్రత్తగా ఉండండి.

ప్రమాదాలు తక్కువే గానీ ఉన్నాయి: మెదడులో రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, తీగ కదలడం. చార్జింగ్ లేని బ్యాటరీ కొన్నేళ్ళకి మార్చాలి, అదీ ఖర్చే. చార్జింగ్ రకం చాలా ఏళ్ళు వస్తుంది గానీ చార్జింగ్ పెట్టడం గుర్తుండాలి. విశాఖవాసులు ఎక్కువగా పట్టించుకోని ఖర్చు ఇంకొకటుంది. ఆపరేషన్ ఒక్కసారే అయినా, విద్యుత్తు ఎంత పంపాలో సరిచూడటానికి మొదటి నెలల్లో మళ్ళీమళ్ళీ వెళ్ళాలి. హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర ఈ వైద్యంలో అనుభవమున్న ప్రభుత్వ సంస్థలు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళి రాగలిగే మనిషి, తోడు వెళ్ళే మనిషి ఇద్దరూ ఉన్నారా? లేకపోతే ఆపరేషన్ తర్వాత సర్దుబాట్లు మన ఊళ్ళో చేసే డాక్టరు ఎవరో తెలుసుకున్నాకే ముందుకెళ్ళండి. ఖర్చుకి సాయం విషయంలో, ప్రభుత్వ ఆరోగ్య పథకమైన ఎన్టీఆర్ వైద్యసేవలో ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

దూలగొండి పొడి

దీన్ని కొట్టిపారేయలేం. దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. 2004లో ఎనిమిది మంది రోగులతో చేసిన చిన్న పరిశోధనలో 30 గ్రాముల పొడి మామూలు బిళ్ళ కంటే త్వరగా ఎక్కింది. అంటే ఇది సిండోపాకి ప్రత్యామ్నాయం అనుకుంటూ వాడేది అదే మందునన్నమాట, కార్బిడోపా లేకుండా, ఎంత మోతాదో తెలియకుండా. షాపును బట్టి పొడి బలం మారిపోతుంది. సిండోపా వేసుకుంటూ డాక్టరుకి చెప్పకుండా ఇదీ తాగితే ఒక రోజు ఒళ్ళంతా మెలికలు, ఇంకో రోజు బీపీ పడిపోవడం. వాడాలనే ఉంటే న్యూరాలజిస్టుకి తెలిసే వాడండి.

వ్యాయామాన్ని నేను ఈ పోటీలో పెట్టలేదు, ఏ మందు ఎంచుకున్నా అది ఉండాల్సిందే. చెమట పట్టేంత వేగంగా నడవడం మంచిది. తూలు లేనివారికి పొద్దున్నే బీచ్ రోడ్డు చక్కటి చోటు. తూలు ఉన్నవారిని ఇసుకలోకి దింపకండి, సింహాచలం మెట్లెక్కించకండి. ఫిజియోథెరపిస్టు దగ్గర పడిపోకుండా తిరగడం, మంచం మీద నుంచి లేవడం నేర్చుకోవడం వాళ్ళకి ఎక్కువ మేలు.

మీరు ఏ కోవలో ఉన్నారు?

యాభైలోపు, ఉద్యోగం చేస్తున్నారు, లక్షణాలు తక్కువ: రసాజిలిన్‌తోనో ప్రమిపెక్సోల్‌తోనో మొదలవ్వచ్చు. ఇంట్లో ఒకరికి వ్యసనాల సంగతి చెప్పి ఉంచండి. పని కుంటుపడితే లెవోడోపాకి వెనకాడొద్దు.

అరవై అయిదు దాటారు: సూటిగా లెవోడోపా. తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు.

మతిమరుపు, భ్రమలు మొదలయ్యాయి: లెవోడోపా ఒక్కటే ఉంచి, పాసిటేన్, అమాంటడిన్, ప్రమిపెక్సోల్ లాంటివి ఒక్కొక్కటిగా తీయడం గురించి అడగండి. భ్రమలకి హాలోపెరిడాల్ లాంటి మందులు వీళ్ళకి చాలా ప్రమాదం.

పెద్దవాళ్ళు ఒంటరిగా ఉన్నారు: రోజుకి ఆరుసార్లు వేసే ఏర్పాటు కాగితం మీదే మిగులుతుంది. ఎన్నిసార్లు వేయగలరో డాక్టరుకి నిజం చెప్పండి, దాని ప్రకారమే రాస్తారు. ఫోన్లో అలారం, పూటలవారీ గదులున్న మందుల డబ్బా, పక్కింటివాళ్ళ సాయం ముందే కుదుర్చుకోండి.

ఎనిమిది, పదేళ్ళయింది, రోజులో సగం 'ఆఫ్'లో గడుస్తోంది, జ్ఞాపకం బాగుంది: డీబీఎస్‌కి అర్హత ఉందేమో ఇప్పుడే చూపించుకోండి. డెబ్బై అయిదు దాటాక ఆ తలుపు చాలావరకు మూసుకుపోతుంది.

దూరం నుంచి వచ్చేవారు: ఖరీదైన బ్రాండు కంటే మీ ఊరి మందుల షాపులో తప్పకుండా దొరికే మందు మేలు. లెవోడోపా, కార్బిడోపా కలయిక అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది.

వేరే జబ్బుకి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే

తుంటి ఎముక విరిగో, హెర్నియాకో చేరినప్పుడు "ఏమీ మింగొద్దు" అని చెప్పి లెవోడోపా కూడా ఆపేస్తుంటారు. హఠాత్తుగా ఆగితే ఒళ్ళు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. చేరిన రోజే మత్తు డాక్టరుకి మందు పేరు, డోసు, వేసే గంటలు రాసిన కాగితం ఇవ్వండి. కొద్ది నీళ్ళతో వేయడం కుదురుతుందా, ముక్కు గొట్టం ద్వారా ఇస్తారా అని అడగండి. గొట్టంలో వేయడానికి సీఆర్ అని రాసి ఉన్న బిళ్ళను (మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం) నలపకూడదు, దాని బదులు మామూలు రకం ఎంత ఇవ్వాలో న్యూరాలజిస్టుతో రాయించుకోండి. అదే కాగితం మీద, పెద్ద అక్షరాలతో, మెటోక్లోప్రమైడ్, స్టెమెటిల్, హాలోపెరిడాల్ ఇవ్వకూడదని కూడా రాయండి.